డప్పు ప్రోగ్రాములో ఎర్కి రాసిన భాగము గురించి

తార్నాక, హైదరాబాదు
జూన్ 1999

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఎం.సి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థిని కుమారి సౌమ్య తయారుచేసిన 'డప్పు' అను పాటలు ఆడించు కంప్యూటరు ప్రోగ్రామును ఇనుప బీరువా నుండి విడుదల చేయుట, మరియు అందులో మరణించిన ఒక వ్యక్తి రాసిన భాగమునకు వారసత్వ ధ్రువపత్రము అడగకుండుట – గురించి.

నిజం చెప్పాలంటే ఈ అర్జీ రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండు మాట్లు తెల్లకాగితం పరిచాను. రెండు మాట్లూ మా ఇంటావిడ సాలమ్మ దాని మీద కందిపప్పు పోసి రాళ్లేరింది. ఇది దైవసంకల్పం కాబోలనుకుని లేచిపోయాను. ఇప్పుడు ఆమె కూరగాయలకు వెళ్లింది గనుక రాయుచున్నాను. హాస్టలు సీట్లు, హాజరు మినహాయింపుల అర్జీల మధ్యన దీన్ని కూడా కలిపి దారం కట్టవద్దని మొదటనే మనవి. ఇందులో ఫిన్లాండు దేశం కూడా ఉన్నది.

1. అర్జీదారుని పేరు పరశురాం. తార్నాకలో ఒక చిన్న అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేసి, కంప్యూటర్లు వచ్చి ఆ అక్షరాలను తూకానికి అమ్మేసిన ఏడాది ఇంటికి వచ్చేశాను. బడిలో చదివినది తక్కువ. మిగతా చదువంతా తమ పరిశోధక విద్యార్థులు అచ్చుకు తెచ్చిన సిద్ధాంత గ్రంథాలే. అందులో ఒక చిక్కున్నది. పేజీలను నాకూ తోటి కంపోజిటరు రాజన్నకూ పంచేవారు. కాకతీయుల కాలపు నీటిపారుదల గురించి నాకు మొదటి సగమే తెలుసు. కాలువలు చివరకు ఏమయ్యాయో తెలియాలంటే రాజన్నను అడగాలి. క్షయవ్యాధి లక్షణాలన్నీ నాకు కంఠస్థం, మందు రాజన్నకు తెలుసు. ఇద్దరం కలిసి టీ తాగితే తప్ప విద్యావంతులం కాము.

ఇంకొక సంగతి అప్రస్తుతంలా కనిపించినా అప్రస్తుతం కాదు. అచ్చుయంత్రాల చప్పుడులో పనిచేసి పనిచేసి నా చెవులు మెల్లగా మూసుకుపోయాయి. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది. తిట్లు బాగానే తెలుస్తాయి. పాట మాత్రం తెలియదు. నాకు పాట అంటే గోడ అవతల ఎవరో బిందెలు తోముతున్నట్టు ఉంటుంది.

2. కుమారి సౌమ్య తెనాలి వైపు పిల్ల. మా పక్క వాటాలో ఉండే మేనత్త గారింట ఉండి చదువుకుంటున్నది. కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఒక జాతి ఉన్నదని ఆమె చెప్పగా విన్నాను. వాటిని రాసినవాళ్లు రాతప్రతితో సహా ఊరికే ఇచ్చేస్తారు. ఎవరైనా తీసుకుని, తప్పులుంటే దిద్ది, కావలసినది చేర్చి, మళ్లీ ఊరికే ఇవ్వవచ్చు. దేశానికొకడు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఇలా కూడబలుక్కుని రాస్తారట. పాటలూ బొమ్మలూ ఆడించే అటువంటి ప్రోగ్రామొకటి ఆమెకు ఒక పత్రికతో వచ్చిన సీడీలో దొరికింది. పాట నడుస్తుండగా ఆ పాట మాటలు తెర మీద ఒక్కొక్కటే రంగు మారుతూ పోవడం దాని ప్రత్యేకత. దానికి తెలుగు నేర్పడం సౌమ్య ప్రాజెక్టు. పేరు డప్పు అని పెట్టింది.

తెలుగు నేర్పడమంటే అక్షరాలు తయారుచేయాలి. గళ్ల కాగితం మీద గళ్లు నింపుతూ వరండాలో కూర్చునేది. ఒకనాడు తొంగిచూసి ఉండబట్టలేకపోయాను.

"అమ్మాయీ, నీ 'ఘ' కడుపులో గాలాడుతలేదు. ఊపిరాడక చచ్చేటట్టున్నది."

"మీరు గీయండి పెద్దనాన్నా, చూద్దాం," అంటూ పెన్సిలు నా చేతిలో పెట్టింది.

అప్పటి నుంచి నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది. ఒత్తులు వరుస కింద నేల తగలకుండా, గుడులు పై వరుసను గుద్దకుండా గళ్లలో ఇమిడ్చాను. సీసంతో చేసిన పనే. మసి లేదు, అంతే తేడా.

అక్షరాలయ్యాక పాట కావలసి వచ్చింది. సినిమా పాట పెడితే హక్కుదారులు ఊరుకోరని సౌమ్యే వద్దన్నది. (ఆ పిల్లకు హక్కుల పట్ల ఉన్న భయభక్తులు తమరు ఇక్కడ గమనించగలరు.) అందుకని సాలమ్మను పాడమన్నది.

"పెద్దమ్మా, మైకు ఇక్కడ పెట్టాను. దీంట్లోకి పాడండి."

"ఏందే, గీ సబ్బుబిళ్లంత దాంట్లనా? గది నాటు ఏసేటప్పుడు పాడే పాట. నడుం వంగకుంటె రాదు."

"అయితే వంగే పాడండి."

వంగే పాడింది. ఆ సాయంత్రం సౌమ్య నన్ను ప్రాంగణంలోని తమ కంప్యూటరు గదికి తీసుకుపోయి కుర్చీ వేసింది. తెర మీద నేను గీసిన అక్షరాలు వరుసగా నిలబడి ఉన్నాయి. పాట మొదలు కాగానే మొదటి మాట పసుపు రంగుకు మారింది. తర్వాతి మాట. ఒక మాట దగ్గర ఆ పసుపు ఎంతకీ కదలలేదు. పాడైపోయిందేమో అనుకున్నాను. సౌమ్య నా చెవి దగ్గరకు వచ్చి, "పెద్దమ్మ అక్కడ రాగం తీస్తున్నారు," అని అరిచింది. పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో ఉన్న ఆ పాటలో ఆమె ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ గుక్క తిప్పుకుంటుందో నాకు తెలిసినది ఆ రోజే. చెవులు బాగున్న కాలంలో వినే తీరిక లేకపోయింది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదని తెలుసు. తమరు ఈ పేరాకు అడ్డగీత కొట్టి కింది పేరాకు పోవచ్చును.

ఇంటికి రాగానే సాలమ్మ అడిగింది. "ఇన్నవా?"

"చూసిన," అన్నాను.

"ఎట్లున్న?"

"పచ్చగున్నవ్."

ఎప్పటిలాగే అన్నం పెట్టింది. కూర మాత్రం ఇంకొంచెం వేసింది.

3. ఫిర్యాదు ఇక్కడి నుండి మొదలు. ప్రాజెక్టుల పరిశీలన కమిటీ అధ్యక్షులు ఆచార్య అచ్యుతరామయ్య గారు ఏదో కంప్యూటరు పత్రికలో ఒక వార్త చదివారు. పాటను చిన్నదిగా కుదించే పద్ధతికి పేటెంటు ఉన్న ఒక విదేశీ సంస్థ, అటువంటి ప్రోగ్రాములు ఊరికే పంచేవాళ్లకు లైసెన్సు తీసుకొమ్మని ఉత్తరాలు రాసిందట. వార్త నిజమేనని సౌమ్య కూడా ఒప్పుకున్నది. ఆచార్యుల వారు చెడ్డవారు కారు, జాగ్రత్తపరులు. వారి స్కూటరుకు తాళం కాక గొలుసు, గొలుసుకు ఇంకో తాళం ఉంటాయి. వారు సౌమ్యను పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను. నాకు వినబడని చోట్ల తర్వాత ఆమె చెప్పగా నింపుకున్నాను.

"ఇది నీకెలా వచ్చిందమ్మా?"

"ఊరికే ఇచ్చారు సార్."

"ఊరికే ఎవరిస్తారు? నాకు ఇన్నేళ్లలో ఎవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదే!"

"లైసెన్సు ఉంది సార్. ప్రోగ్రాంతోనే వస్తుంది. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అని రాసి ఉంది."

"టైపు కొట్టుకుంటే ఎవరైనా కొట్టుకోవచ్చు. సంతకమేదీ? ముద్రేదీ?"

"కంప్యూటర్ ఫైలు కదా సార్..."

"అదే నేను అంటున్నది. రేపు ఏ జర్మనీ నుంచో, అమెరికా నుంచో నోటీసు వస్తే ఎవరి పేరున వస్తుంది? నా పేరున వస్తుంది."

ఇట్లా అని, డప్పు ఉన్న కంప్యూటరును విప్పించి, సెక్షను గుమాస్తా సంజీవ్ చేత బీరువాలో పెట్టించి తాళం వేయించారు. మూడు కాగితాలు తెస్తేనే మౌఖిక పరీక్షకు కూర్చోనిస్తామన్నారు. ఒకటి, ఆ పేటెంటు మన దేశంలో లేదని ధ్రువపత్రం. రెండు, పాట రాసినవారి అనుమతి. మూడు, ప్రోగ్రాము రాసిన ప్రతి ఒక్కరి నుండీ గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన నిరభ్యంతర పత్రం. ఈ నెలాఖరులోగా పరీక్ష జరగకపోతే ఆ పిల్ల ఏడాది పోతుంది.

4. పేటెంటు సంగతి. దీని కోసం మెట్టుగూడలో ఉండే వకీలు రాహేలు గారి ఇంటికి పోయాము. సాలమ్మ కూడా వస్తానని వచ్చింది. తన పాటను అరెస్టు చేశారని ఆమె అభిప్రాయం. రాహేలు గారు టీ ఇచ్చి విడమరచి చెప్పారు.

"చూడండి పరశురాం గారూ, సంక్రాంతికి చుట్టే సకినాల మీద మీరొక పుస్తకం రాశారనుకోండి. ఆ పుస్తకాన్ని ఇంకొకరు అచ్చు వేసుకోకూడదు. అది కాపీరైటు. సకినం చుట్టే కొత్త పద్ధతి కనిపెట్టి రిజిస్టరు చేసుకున్నారనుకోండి. ఆ పద్ధతిలో ఇంకొకరు చుట్టకూడదు, పుస్తకం చూసినా చూడకపోయినా. అది పేటెంటు."

"చెయ్యి తిప్పినా తప్పేనా?" అని సాలమ్మ లేచింది. "మా చిన్నమ్మ తిప్పినట్టు నేను తిప్పుత. ఆమె మీద గూడ కేసయితదా?"

"ఆవిడ రిజిస్టరు చేయించుకోలేదు కదమ్మా."

"ఆమెకు సంతకమే రాదు."

"మరింకేం భయం లేదు. ఇంకొక మాట. ఏ దేశంలో తీసుకున్న పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. అక్కడిది ఇక్కడికి దానంతటది రాదు."

"మరి ఇక్కడ లేదని రాసివ్వండమ్మా," అన్నాను నేను.

"లేదని ఎవరూ రాసివ్వరండీ! ఉన్నదానికే కాగితం. లేనిదానికి నేనివ్వగలిగింది నా అభిప్రాయం ఒక్కటే."

ఆ అభిప్రాయాన్నే లెటర్‌హెడ్ మీద ఇచ్చారు. ఆచార్యుల వారు దానిని ముందూ వెనుకా తిప్పి చూసి స్వీకరించారు. వకీలు సంతకమంటే ఆయనకు గౌరవం.

5. పాట రాసినవారి అనుమతి. ఎవరు రాశారని సాలమ్మను అడిగితే, "ఎవడన్న రాస్తడా? పాడుతరు గని," అన్నది. ఆ జవాబునే దస్తావేజు భాషలోకి మార్చి, రచయిత ఎవరో తెలియదనీ, తరతరాలుగా పాడుతున్నదనీ రాసి ఆమె చేత వేలిముద్ర వేయించాను. వేసేటప్పుడు, "నేనే రాసిన అని రాసుకో, ఏం పోతది?" అని ఒకసారి అన్నదని కూడా మనవి చేయుచున్నాను. నేను రాయలేదు.

6. ఇక మూడో కాగితం. ఈ ప్రోగ్రామును రాసినవాళ్లు పది పన్నెండు మంది ఉన్నారు. ప్రతి ఒక్కరికీ సౌమ్య కంప్యూటరు ఉత్తరం పంపింది. ఇంచుమించు అందరూ బదులిచ్చారు. అందరి బదులూ ఒకటే ప్రశ్న. గెజిటెడ్ అధికారి అంటే ఎవరు?

ఆ పిల్ల నన్నడిగింది. నేను నాకు తెలిసిన వరుసలో చెప్పాను. మండల రెవెన్యూ అధికారి, కాలేజీ ప్రిన్సిపాలు, ప్రభుత్వ డాక్టరు, పశువుల డాక్టరు. చివరివారి దగ్గర పని త్వరగా అవుతుందని కూడా చెప్పాను. మా వైపు సర్టిఫికెట్ల కోసం అందరూ పశువుల ఆసుపత్రికే పోతారు. అక్కడ వరుసలో గొర్రెలు తప్ప మనుషులుండరు, గొర్రెలు ముందుకు తోసుకుని రావు. సౌమ్య ఈ సలహాను యథాతథంగా ఇంగ్లీషులో పెట్టి దేశదేశాలకు పంపింది.

కాబట్టి అయ్యా, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో పశువుల డాక్టర్లను వెతుక్కుంటూ పోయారు. అర్జెంటీనాలో హొరాసియో అనే ఆయన తన మేనమామ ఆవులను చూడవచ్చిన డాక్టరును ఆపి ముద్ర వేయించుకున్నాడు. ముద్రలో ఎద్దు తలకాయ ఉన్నది. జపాను నుంచి వచ్చిన కాగితం మీద పిల్లి బొమ్మ. వీటన్నిటినీ తీసుకుపోయి సంజీవ్ ముందర పరిచాము.

"పెద్దమనిషీ, గిదేంది, పిల్లి ఉన్నది?"

"పశువుల డాక్టరు నాయనా."

"పిల్లి పశువు ఎట్లయితదే?"

"ఆ దేశంలో అయితదేమో."

"సరే, పిల్లిని ఒప్పుకుంట. గ్రీన్ ఇంకు ఏది మరి? గెజిటెడ్ సంతకమంటె గ్రీన్ ఇంకుతోని ఉండాలె. సారు గదే చూస్తడు ఫస్టు."

"వాళ్ల దేశంలో ఆ పద్ధతి లేదన్నా," అని సౌమ్య బతిమాలింది.

"నాకు తెల్వదా చెల్లె? నేనేం జేస్త? షరతులు సారు రాసిండు, నేను నోటీసు బోర్డు మీద అతికిచ్చిన. అంతే నా నౌకరీ."

మళ్లీ ఉత్తరాలు పోయాయి. ఈసారి హొరాసియో పంపిన కాగితం తమరు చూసి తీరవలసినది. పొరపాటుకు తావు లేకుండా ఉత్తరం మొత్తం ఆకుపచ్చ సిరాతో రాసి, కవరు మీద చిరునామా కూడా ఆకుపచ్చలోనే రాసి, ఎద్దు తలకాయను కూడా ఆకుపచ్చలో కొట్టించాడు. అందరివీ వచ్చాయి. ఆచార్యుల వారు అన్నిటినీ స్వీకరించారు. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

ఒక్కటి తప్ప.

7. పాటతో పాటు మాటలకు రంగు మార్చే భాగమున్నదే, అది రాసినవాడు ఫిన్లాండు దేశస్థుడు ఎర్కి. ఫైలు మొదట్లో అతని పేరు ఉన్నది. అందరికంటే ఆలస్యంగా ఆ చిరునామా నుంచి బదులు వచ్చింది. రాసినది అతను కాదు, తల్లి. పోయిన చలికాలం మంచు మీద బండి జారి కొడుకు చనిపోయాడనీ, అతని ఉత్తరాలను తాను అప్పుడప్పుడు తెరిచి చూస్తుంటాననీ రాసింది. సౌమ్య నాకు తెలుగులో చదివి వినిపించింది. చదువుతూ చదువుతూ ఆగిపోతే, గట్టిగా చదవమని కసిరాను. ఆమె గట్టిగా చదవలేకపోతున్నదని తర్వాత అర్థమయింది.

ఆ తల్లి ఇంకా రాసిన సంగతులివి. తన పెనిమిటి కట్టె కోత మిల్లులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. తల్లి పాడితే తండ్రి చూడగలగాలని కొడుకు ఆ భాగం రాశాడు. అది ఊరికే ఇచ్చేస్తే ఎలాగని తాను అడిగితే, చెవులు పోయినవాళ్లు మన ఇంట్లోనే ఉన్నారా అని అన్నాడట. మీరు నిక్షేపంగా వాడుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు, ఎర్కి ఉంటే సంతోషించేవాడు అని ముగించింది. తరువాత ఒక ప్రశ్న. హైదరాబాదులో దీనిని ఎవరు వాడుతున్నారు?

ఈ ఉత్తరం తీసుకుపోయి ఇచ్చాము. ఆచార్యుల వారు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా బాధపడ్డారు. తరువాత ఫైలులో ఇట్లా రాశారు. "రచయిత మరణించినందున హక్కులు వారసులకు సంక్రమించును. సదరు మహిళ మృతుని చట్టబద్ధ వారసురాలని ధ్రువపత్రమును, మరణ ధ్రువీకరణ పత్రమును జతపరచవలెను."

8. అయ్యా, వారు రాసినది చట్టానికి విరుద్ధం కాదు. రాసినవాడు పోయినా మన చట్టంలో అరవై ఏళ్లు హక్కు బతికే ఉంటుందని నాకూ తెలుసు. కాపీరైటు మీద ఒక సిద్ధాంత గ్రంథం అచ్చుకు వచ్చినప్పుడు ఆ పేజీ నా వాటాకే వచ్చింది. నా మనవి వేరు. నా జీవితంలో పేర్చిన ప్రతి పుస్తకం రెండో పేజీలో 'సర్వ హక్కులు గ్రంథకర్తవి' అని పెట్టాను. ఎన్నిసార్లంటే ఆ వరుసను విప్పకుండా దారం కట్టి అట్లాగే దాచుకునేవాడిని, అడిగినప్పుడల్లా తీసి పెట్టడానికి. హక్కు ఉన్నది గనుకనే ఒకడు నా పుస్తకం ముట్టవద్దు అనగలడు. అదే హక్కుతో ఇంకొకడు తీసుకో నాయనా, దిద్దుకో, నలుగురికీ ఇవ్వు, తీసుకున్నవాళ్లు కూడా ఇట్లాగే ఇవ్వాలి సుమా, అనగలడు. ఎర్కి బతికుండగానే ఆ మాట తన పేరు కింద రాసి పెట్టాడు. ఇచ్చినవాడు పోతే ఇచ్చిన మాట పోదు. అతడు ఇచ్చేసినదానికి మళ్లీ తల్లిని అడగడం ఎందుకు?

తర్కం సంగతి అటుంచండి. ఆ తల్లికి ఏమని రాయాలి? అమ్మా, నీ కొడుకు నీ కొడుకే అని ఒక కాగితం పంపు, చనిపోయినట్టు ఇంకొక కాగితం పంపు, రెండింటి మీదా సిరా ఆకుపచ్చగా ఉండాలి, అని రాయాలా? పశువుల డాక్టరు దగ్గరకు పోతే త్వరగా అవుతుందని కూడా చెప్పాలా? నేను జన్మలో ఎన్నో అర్జీలు రాశాను. ఈ ఉత్తరం నాకు రాదు. సౌమ్యకు కూడా రాదు. రాయమని తమరు ఆజ్ఞాపించినా రాయము.

9. ఆచార్యుల వారు దయతో ఒక దారి చూపించారు. ఆ భాగం తీసేసి, దాని బదులు సొంతంగా రాసుకుంటే గొడవ ఉండదు కదా అన్నారు. సౌమ్య ఒప్పుకోలేదు. ఆ రాత్రి మా వరండాలో సాలమ్మ ఆమెను దులిపేసింది.

"ఏమే పిల్లా, గంత పట్టుదలేందే? తీసేస్తే అయిపాయె గద! నీకు రాయ రాదా?"

"వచ్చు పెద్దమ్మా. రెండు వారాలు కూర్చుంటే రాస్తాను."

"మరి రాయి. ఏడాది పోగొట్టుకుంటవా?"

"అది తీసేస్తే ఆయన పేరు కూడా తీసేయాలి. ఆయన రాసిన పద్ధతంతా చూసి నేర్చుకుని, మళ్లీ నేనే రాశానని నా పేరు పెట్టుకోవాలి. అప్పుడవుతుంది అసలైన దొంగతనం."

సాలమ్మ నా వైపు ఒకసారి చూసింది. తరువాత, "గా పిల్లగాని అవ్వ పాడుతదా?" అని అడిగింది.

"పాడేవారట. కొడుకు పోయినప్పటి నుంచీ పాడలేదట."

"అయితే తీయకు," అన్నది సాలమ్మ. "గా పిల్లగాన్ని గట్లనే ఉండనియ్యి. ఎవడు తీయమంటడో నేను మాట్లాడుత." తమరి కార్యాలయానికి ఆమెను రానివ్వకుండా ఆపినది నేనే. ఈ ఉపకారాన్ని తమరు దృష్టిలో ఉంచుకోగలరు.

10. హైదరాబాదులో ఎవరు వాడుతున్నారన్న ప్రశ్నకు సౌమ్య జవాబు రాసింది. పక్కింట్లో చెవులు పోయిన ముసలాయన ఒకరున్నారు, ఆయన భార్య పాడుతుంది, ఆయన చూస్తాడు, అని. దానికి ఆ తల్లి దగ్గర నుంచి మొన్న ఒక్క వరుసలో బదులు వచ్చింది. ఆ పాట నాకు పంపగలరా? అని.

పాట తమ బీరువాలో ఉన్నది.

11. కావున తమరిని ప్రార్థించునదేమనగా –

(అ) మరణించిన ఎర్కి తన పేరు కింద రాసిపెట్టిన అనుమతినే అనుమతిగా భావించి, వారసత్వ ధ్రువపత్రమును, మరణ ధ్రువీకరణ పత్రమును అడగకుండా ఉత్తర్వులు ఇప్పించవలెను.

(ఆ) అతని వరుసలను అతని పేరుతో సహా ఉంచనిచ్చి, కుమారి సౌమ్యను ఈ నెలలోనే మౌఖిక పరీక్షకు కూర్చోనివ్వవలెను. ఆ పిల్ల చదివినది ఆమెకు దక్కాలి. సగం సగం తెలిసి బతకడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

(ఇ) పై రెండిటికీ సమయం పట్టే పక్షంలో, కనీసం ఒక పూట బీరువా తెరిపించి, ఆ ఒక్క పాటను మాటలతో సహా ఫిన్లాండుకు పంపుకోనివ్వవలెను. ఆ ఇంట్లో చూడవలసిన మనిషి ఒకడున్నాడు. తెలుగు రాదు గదా అని తమరు అనవచ్చు. పసుపు రంగు ఎక్కడ ఆగిందో చూడడానికి తెలుగు అక్కరలేదు.

(ఈ) ఆచార్య అచ్యుతరామయ్య గారిని ఈ విషయమై ఏమీ అనవద్దు. నోటీసు వస్తే తన పేరున వస్తుందన్న భయం ఆయనది. అటువంటి నోటీసేదైనా వస్తే అర్జీదారుని పేరున, తార్నాక చిరునామాకు తిప్పి పంపించవలసినదిగా రాతమూలకంగా ఒప్పుకొనుచున్నాను. నాకు ఉత్తరాలు తక్కువ.

ఇందులో అధికప్రసంగం ఉంటే వయసు ఖాతాలో వేసి, మిగిలినదానిని చిత్తగించి, త్వరగా సెలవివ్వవలెనని కోరుకొను,

తమ యెడల విధేయతకు వెలితి రానివ్వని,
పరశురాం
(మాజీ కంపోజిటరు)

జతపరచినవి: వకీలు రాహేలు గారి అభిప్రాయము, సాలమ్మ వేలిముద్ర, ఎర్కి అనుమతి, ఇంగ్లీషులోనూ, నా తెలుగులోనూ.

తా.క.: ఈ అర్జీ మడిచి జేబులో పెట్టుకుంటుండగా సాలమ్మ కూరగాయలు తెచ్చుకుని వచ్చింది. ఎక్కడికని అడిగితే చెప్పాను. "నీ సారు ఎప్పుడు తాళం తియ్యాలె, గా తల్లి ఎప్పుడు ఇనాలె?" అని సంచి గోడకు ఆనించి, సౌమ్యను పిలిచి, వాళ్ల మేనత్త గారి టేపు రికార్డరు తెప్పించింది. వరండాలో కూర్చుని పాడింది. నేను ఎదురుగా కూర్చున్నాను గాని నాకేమీ తెలియలేదు. నడుమ ఒకచోట సౌమ్య నా మోచేతి మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. రాగం అక్కడ ఉన్నదనుకున్నాను.

క్యాసెట్టును అట్టపెట్టెలో పెట్టి, సౌమ్య చేత ఫిన్లాండు చిరునామా రాయించి, తమ కార్యాలయానికి వచ్చే దారిలోనే తార్నాక పోస్టాఫీసుకు పోయాను. కిటికీలో కూర్చున్నావిడ లోపల ఏమున్నదని అడిగింది. పాట అని చెప్పాను. ఆమె క్యాసెట్ అని రాసుకుని ముద్ర వేసింది.